సింకు పక్కనే సినిమా

జియో బేబీ దర్శకత్వం వహించిన మలయాళ చిత్రం 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' ఇంట్లో చూడటానికే పుట్టినట్టుంటుంది. థియేటర్లో అయితే బొమ్మ అయిపోగానే జనం స్కూటర్ తాళం వెతుక్కుంటూ బయటపడతారు. ఇంట్లో అలా కుదరదు. టీవీ కట్టేయగానే పక్కగదిలో ఎంగిలి కంచాలు ఎదురుచూస్తుంటాయి. వాటిని కడగడానికి ఎవరు లేస్తారన్నదే ఈ సినిమా అసలు క్లైమాక్స్.

2021 జనవరిలో ఇది విడుదలైంది నీస్ట్రీమ్ అనే చిన్న మలయాళ వేదికపై. పెద్ద సంస్థలు మొదట వద్దన్నాయి. జనం ఎగబడి చూశాక వాటిలో ఒకటి తెచ్చిపెట్టుకుంది. కథ చెప్పాలంటే నాలుగు ముక్కలు చాలు. నాట్యం వచ్చిన అమ్మాయి (నిమిషా సజయన్) ఓ పరువు గల ఇంటికి కోడలవుతుంది. పేర్లు లేవు, భార్యా భర్తా అంతే. ఆ ఇంట ఎవరూ ఎవరినీ కొట్టరు. మామగారు గొంతు కూడా పెంచరు. అన్నం కట్టెలపొయ్యి మీదే వండాలని, బట్టలు చేత్తోనే ఉతకాలని మృదువుగా చెబుతారు. తోమాల్సిన బ్రష్షు కూడా భార్య చేతికందించాలి. భర్త (సూరజ్ వెంజారమూడు) బళ్లో పిల్లలకు కుటుంబం గురించి పాఠం చెబుతాడు. ఇంట్లో సింకు పైపు కారుతోందని ఎన్నిసార్లు చెప్పినా ప్లంబర్‌ను పిలవడం మాత్రం మర్చిపోతుంటాడు.

ఈ కారే పైపును మించిన విలన్ ఈమధ్య మన తెరమీద కనిపించలేదు. నేపథ్య సంగీతానికి బదులు కత్తిపీట చప్పుడు, పోపు చిటపట, గిన్నెల మోత వినిపిస్తాయి. నమిలి బల్ల మీదే వదిలేసిన ములక్కాడ పిప్పిని కెమెరా తీరిగ్గా చూపిస్తుంది. మగవాళ్లు లేచిన ఆ బల్ల దగ్గరే ఆడవాళ్లు కూర్చుని తింటారు. హోటల్లో మాత్రం భర్త ఎంతో పద్ధతిగా భోంచేస్తాడు. ఆ మాటే భార్య నవ్వుతూ అంటే, క్షమాపణ చెప్పేదాకా ఊరుకోడు. చూపించిందే మళ్లీ మళ్లీ చూపిస్తున్నారని విసుక్కునేవారుంటారు. ఆ విసుగే దర్శకుడికి కావలసింది. వంటింట్లో ఉన్నవారికి రిమోట్ ఉండదు కదా.

హిందీలో ఇదే కథ 'మిసెస్' పేరుతో 2025 ఫిబ్రవరిలో జీ5లో వచ్చింది. సాన్యా మల్హోత్రా బాగా చేసింది. కానీ వంటిల్లు మరీ అందంగా ఉంది, కూరగాయలు ప్రకటనల్లో మాదిరి మెరుస్తాయి. మలయాళ మాతృకకు పదునిచ్చిన శబరిమల వివాదం ఇందులో లేదు. అయినా ఓ పురుష హక్కుల సంఘానికి కోపం వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడటంలో అంత కష్టమేమిటన్నది దాని వాదన. కేంద్ర ప్రభుత్వ గణాంక విభాగం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఆ కొద్దిసేపైనా చేసే మగవాళ్లు నలుగురిలో ఒకరు.

తెలుగులో ఇంటిల్లిపాదినీ సోఫాలో కూర్చోబెట్టిన సిరీస్ 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. ఆదిత్య హాసన్ రాసి తీసిన ఈ ఆరు భాగాల్లో లెక్కల మాస్టారిగా శివాజీ, భార్యగా వాసుకి అతికినట్టు సరిపోయారు. చిన్నకొడుకు ఉప్మా బాధకు నవ్వనివారుండరు. నవ్వు తగ్గాక మాత్రం ఓ అనుమానం పీడిస్తుంది. పొద్దుటే లేచి ఆ ఉప్మా కలిపిన మనిషికి ఏం తినాలనుండేదో ఎవరైనా అడిగారా? మార్కులు, జీతం, పొదుపు అన్నిటికీ లెక్క చెప్పిన సిరీస్ ఆ లెక్క జోలికి పోలేదు. జ్ఞాపకాల తీపి ఎక్కువైతే వచ్చే చిక్కే ఇది.

ఆశ్చర్యంగా, ఆ పని 'పంచాయత్' చేసింది. 2020లో అమెజాన్ ప్రైమ్‌లో మొదలైన ఈ హిందీ సిరీస్‌ను అందరూ కార్యదర్శి కథగానే చూశారు. ఉత్తరప్రదేశ్‌లోని ఫులేరా గ్రామానికి ఎన్నికైన ప్రధాన్ మంజూ దేవి (నీనా గుప్తా). కుర్చీలో కూర్చునేది భర్త (రఘువీర్ యాదవ్). సర్పంచి భర్తల పెత్తనం ఎరిగిన తెలుగు పల్లెలకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 1992లో 73వ రాజ్యాంగ సవరణ మూడోవంతు పదవులను ఆడవాళ్లకు కేటాయించింది, ఇంటిపని ఎవరు చేయాలో చెప్పలేదు. మొదటి సీజన్ చివరి భాగంలో రిపబ్లిక్ డేకి జెండా ఎగరేయాలంటే మంజూ దేవికి జాతీయగీతం రావాలి. ఇంటి పనుల నడుమ ఆమె దాన్ని వల్లెవేస్తుంటే నవ్వొస్తుంది, కాస్త గుబులూ కలుగుతుంది.

నాలుగో సీజన్ వచ్చిన 2025 జూన్ నాటికి ఆమె మాట నేర్చింది. వ్యూహాలు పన్నింది, ఊరంతా తిరిగి ఓట్లడిగింది. (ఇంకా చూడనివారు ఇక్కడితో ఆపేయవచ్చు.) తీరా క్రాంతి దేవి చేతిలో ఓడిపోయింది. అన్నేళ్లు భర్త వెలగబెట్టిన పదవి పోయింది, ఇంటిపని మాత్రం ఆమెకే మిగిలింది.