నాలుగు గంటల ఆటకి ఎంత పెట్టొచ్చు? లింబో రేటు మీద నా మాట

"నాలుగు గంటల్లో అయిపోయే గేమ్‌కి డబ్బులు పెట్టాలా బ్రో?" ఎవరికైనా లింబో ఆడమని చెబితే మొదట వచ్చే ప్రశ్న ఇది. ఇదేమీ కొత్త ప్రశ్న కాదు, మన దగ్గర పుట్టిందీ కాదు. 2010 జులై 21న ఎక్స్‌బాక్స్ లైవ్ ఆర్కేడ్‌లో లింబో వచ్చినప్పుడు దాని రేటు 1200 మైక్రోసాఫ్ట్ పాయింట్లు, అంటే 15 డాలర్లు. రివ్యూలు రాసినవాళ్లు ఆకాశానికెత్తేశారు. అదే రివ్యూల కింద జనం మాత్రం "ఇంత చిన్న ఆటకి అంత రేటా" అని తగులుకున్నారు. అంతకు రెండేళ్ల ముందు, 2008 ఆగస్టులో, జొనాథన్ బ్లో చేసిన బ్రెయిడ్ కూడా అదే 1200 పాయింట్లకి వచ్చింది, అదే తిట్టు తింది.

ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ స్టూడియో ప్లేడెడ్ చేసిన పజిల్ ప్లాట్‌ఫార్మర్ ఇది. మొత్తం బ్లాక్ అండ్ వైట్. ఒక చిన్న పిల్లాడు అడవిలో కళ్లు తెరుస్తాడు, మనం వాణ్ని కుడివైపు నడిపించాలి. డైలాగ్ లేదు, ట్యుటోరియల్ లేదు, స్క్రీన్ మీద లైఫ్ బార్ కూడా లేదు. పెట్టె జరపాలి, తాడు పట్టుకుని ఊగాలి, నీళ్లలో మునగకుండా దాటాలి, తర్వాత్తర్వాత అయస్కాంతాలు, గ్రావిటీ తిరగబడటాలు కూడా వస్తాయి. తప్పు చేస్తే పిల్లాడు చచ్చిపోతాడు, ఒక్క క్షణంలో మళ్లీ పక్కనే నిలబడతాడు. ఎలా చచ్చాడో చూస్తేనే ఎలా దాటాలో అర్థమవుతుంది. ఆర్న్ట్ జెన్సెన్ తన ఐడియాకి టీజర్ చేసింది 2006లో, ఆట బయటికొచ్చింది 2010లో. నాలుగు గంటల ఆటకి నాలుగేళ్ల పని. సాగదీయాలనుకుంటే అదే అయస్కాంతం పజిల్‌ని పెట్టెల సంఖ్య మార్చి ఇంకో పదిసార్లు పెట్టేవాళ్లు, పది గంటలయ్యేది. అలా పెట్టలేదు కాబట్టే పదిహేనేళ్ల తర్వాత కూడా దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

అందుకే "గంటకి ఎన్ని రూపాయలు పడింది" అనే లెక్క నాకు అసలు ఎక్కదు. రాసిన లైన్లని బట్టి జీతం ఇస్తే కోడ్ ఏ గతి పడుతుందో మన ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గేమ్‌ని గంటల్లో కొలిస్తే డెవలపర్ కూడా గంటలే అమ్ముతాడు. ఫోన్‌లో ఉన్న ఫ్రీ గేమ్స్‌లో ఎన్నిట్లో లైఫులు అయిపోయాక అరగంట ఆగమంటాడో చూడండి. ఆ అరగంట కూడా "గేమ్‌ప్లే అవర్స్"లోకే పోతోంది. మీ టైమ్ తీసుకుని, మీకే ఎక్కువ ఇచ్చినట్టు లెక్క చూపించడం అన్నమాట.

అయితే రేటు అడగడమే తప్పని నేను అనట్లేదు. అడగాల్సింది గంటల గురించి కాదు, ఊరి గురించి.

2011 ఆగస్టులో లింబో స్టీమ్‌లోకి వచ్చినప్పుడు రేటు 9.99 డాలర్లు. దాన్ని ఇప్పటి మారకంలో నేరుగా రూపాయల్లోకి మారిస్తే 850 దాటుతుంది. మా దొనకొండ వైపు ఆ 850 అంటే ఏంటో చెబుతాను. 2025-26కి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ రోజుకి 307 రూపాయలు. అంటే దగ్గర దగ్గర మూడు రోజులు ఎండలో మట్టి తవ్విన డబ్బు. పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తాగే నీళ్లే క్యాన్ లెక్కన కొనుక్కోవాలి. అలాంటి ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడు 850 పెట్టి ఆట కొంటానంటే వాళ్లమ్మ ఏమంటుందో నేను రాయక్కర్లేదు. కోపెన్‌హాగన్‌లో అదే పది డాలర్లు ఒక మామూలు పూట భోజనానికి చాలవు. అంకె ఒకటే, బరువు ఒకటి కాదు.

ఊరిని బట్టి రేటు అనేది మనకేం కొత్త విషయం కాదు. సినిమా టికెట్ల గొడవ గుర్తుందిగా? 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35లో రేట్లు కార్పొరేషన్‌కి వేరు, మున్సిపాలిటీకి వేరు, నగర పంచాయతీకి వేరు, గ్రామ పంచాయతీకి వేరు. దొనకొండ లాంటి పంచాయతీలో నాన్ ఏసీ హాలుంటే 15, 10, 5 రూపాయలు. అయిదు రూపాయలకి సినిమా! ఆ రేట్లకి కరెంటు బిల్లు కూడా రాదని ఆ డిసెంబర్‌లో చాలా హాళ్లు మూసుకున్నారు. చివరికి 2022 మార్చిలో రేట్లు మార్చారు, కనీసం 20, గరిష్ఠం 250 అయ్యింది. నేను సినిమా పిచ్చోణ్ని కాబట్టి ఆ ఏడాది అంతా ఈ వాదన మా ఇంట్లో రోజూ నడిచింది. ఎవరు రైటన్నది ఇక్కడ తేల్చను. కానీ హాలు యజమాని చెప్పిన మాటలో ఒక న్యాయం ఉంది: సీటు సీటుకీ ఖర్చుంటుంది. ఏసీ, ప్రొజెక్టర్, మనుషులు, అద్దె. అయిదు రూపాయలకి ఇచ్చిన ప్రతి సీటూ ఎక్కువ ఇచ్చేవాడికి దక్కకుండా పోయిన సీటే.

గేమ్‌కి ఆ బాధ లేదు. లింబో కాపీ ఇంకొకటి అమ్మితే ప్లేడెడ్‌కి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు సున్నా. దొనకొండ కుర్రాడికి తక్కువకి ఇచ్చినందువల్ల డేనిష్ కుర్రాడి కాపీ తగ్గిపోదు. 850కి ఒక్కడూ కొనడు, 250కి నలుగురు కొంటారు అంటే ఆ నలుగురి డబ్బూ స్టూడియోకి కొత్తగా వచ్చినదే. కాబట్టి ఇండియా రేటు తక్కువ ఉండటం దయ కాదు, ధర్మం కాదు, శుద్ధ వ్యాపారం. స్టీమ్ 2015 నవంబర్‌లో రూపాయల్లో అమ్మకం మొదలుపెట్టాక మన దగ్గర కొనేవాళ్లు తయారవడానికి ఇదో పెద్ద కారణమని నా నమ్మకం.

ఇందులో చిక్కు కూడా ఉంది. ఈ ఏర్పాటు మొత్తం నమ్మకం మీద నడుస్తుంది. అర్జెంటీనా, టర్కీలలో రేట్లు బాగా తక్కువని ప్రపంచమంతా వీపీఎన్ పెట్టుకుని అక్కడి అకౌంట్లు తెరిచింది. ఆ రెండు దేశాల కరెన్సీలేమో రోజురోజుకీ పడిపోతున్నాయి. 2022 అక్టోబర్‌లో వాల్వ్ దేశాలవారీ సిఫార్సు రేట్లు పెంచింది, 2023 నవంబర్ 20 నుంచి ఆ రెండు దేశాల్లో స్థానిక కరెన్సీనే ఎత్తేసి డాలర్లలోకి మార్చేసింది. అక్కడ నిజంగా ఉంటున్న పిల్లల సంగతి ఏమైందో ఊహించుకోండి. మన గ్రూపుల్లో కూడా "ఫలానా దేశం అకౌంట్ చేయిస్తా, వంద ఇవ్వు" అనే అన్నలు ఉన్నారు. వాళ్లు ఎగ్గొడుతున్నది ఏదో అమెరికా కంపెనీ డబ్బు మాత్రమే అనుకుంటే ఎలా? రేపు మన రూపాయి రేటు ఎత్తేస్తే ముందు నలిగేది మార్కాపురం, గిద్దలూరుల్లో ఉన్నవాళ్లే. హైదరాబాద్‌లో జీతం తీసుకునే నాలాంటోడు ఎలాగోలా కొనేస్తాడు.

డెవలపర్లకీ ఓ మాట. స్టీమ్‌లో డాలర్ రేటు కొట్టగానే మిగతా కరెన్సీలకి సిఫార్సు రేట్లు దానంతటదే చూపిస్తుంది. దాన్ని చూడకుండా నేరుగా మారకం రేటు వేసేవాళ్లని చూస్తే నాకు మండుతుంది. మొబైల్‌లో ఇది ఇంకా ఘోరం. 2016 డిసెంబర్‌లో సూపర్ మారియో రన్ ఐఫోన్‌కి వచ్చినప్పుడు ఇక్కడ 620 రూపాయలు, డాలర్ రేటుని మక్కికి మక్కి దించేశారు. గూగుల్ మాత్రం 2015లోనే ఇండియాలో కనీస రేటుని 50 నుంచి 10 రూపాయలకి తగ్గించింది. అంటే 10కీ 620కీ మధ్య ఎక్కడైనా పెట్టుకునే స్వేచ్ఛ డెవలపర్‌కి ఉంది. ఆ మధ్యలోనే ఆలోచించమంటున్నాను.

ఆ పది రూపాయల గురించి కూడా మాట్లాడుకోవాలి. "సేల్‌లో పదికి వస్తుంది, ఆగు" అని సలహా ఇస్తుంటాం. పన్ను కలిపిన రేటు 10 అనుకుంటే, 18 శాతం జీఎస్టీ పోగా 8 రూపాయల 47 పైసలు. స్టోర్ వాటా 30 శాతం అయితే మిగిలేది ఆరు రూపాయలకి తక్కువ. అదే ఆట 300కి కొంటే, ఇదే లెక్కన చేతికి 178 దాకా వస్తుంది. తేడా ముప్పై రెట్లు.

లింబో విషయంలో మాత్రం సేల్‌లో కొన్నందుకు ఎవరూ గిల్టీగా ఫీలవ్వక్కర్లేదు. ఆ ఆట తన డబ్బు ఎప్పుడో రాబట్టుకుంది. 2012లో హంబుల్ ఇండీ బండిల్ 5లో, అంటే ఎవరికి తోచినంత వాళ్లు ఇచ్చే పద్ధతిలో అమ్మారు. ఆ బండిల్ మొత్తానికి 50 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. "మీ ఇష్టం" అని వదిలేస్తే జనం ఇస్తారని అప్పుడు తేలింది. 2016 జూన్‌లో స్టీమ్‌లో ఒక రోజు ఫ్రీగా పంచారు, ఎందుకంటే ప్లేడెడ్ తర్వాతి ఆట ఇన్‌సైడ్ వస్తోంది, దానికి ప్రచారం కావాలి. 2019లో ఎపిక్ స్టోర్ లింబోనీ ఇచ్చింది, ఇన్‌సైడ్‌నీ ఇచ్చింది. పాత ఆటకి అది సరే. కానీ ఇవన్నీ చూసీ చూసీ మనలో ఒక అలవాటు పడిపోయింది: నిన్న రిలీజైన ఆటని కూడా "ఎప్పుడో ఒకప్పుడు ఫ్రీగా ఇస్తారులే" అని విష్‌లిస్ట్‌లో పడేసి మర్చిపోవడం. చిన్న స్టూడియో బతుకుతుందా చస్తుందా అన్నది చాలావరకు మొదటి వారాల అమ్మకాల మీదే ఆధారపడి ఉంటుంది. అప్పుడు రాని డబ్బు మూడేళ్ల తర్వాత 90 శాతం డిస్కౌంట్‌లో వచ్చినా, అప్పటికి స్టూడియో ఉండాలిగా.

చిన్న ఆటలకి ఇంకో దెబ్బ రిఫండ్ రూల్. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపైతే డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. 2015లో వచ్చిన ఈ రూల్ కొనేవాళ్లకి నిజంగా మంచిది, నేనూ సమర్థిస్తాను. కానీ గంటన్నరలో అయిపోయే ఆట అయితే? 2021లో సమ్మర్ ఆఫ్ 58 అనే హారర్ గేమ్ చేసిన డెవలపర్, జనం పూర్తిగా ఆడేసి రిఫండ్ తీసుకుంటున్నారని, ఇక కొన్నాళ్లు గేమ్స్ చేయనని చెప్పేశాడు. బాగుందని రివ్యూ రాసి మరీ వెనక్కి తీసుకున్నవాళ్లున్నారట. హోటల్లో ప్లేటు నాకేసి బిల్లు కట్టనన్నట్టు.

ఇదంతా ఎక్కడో డెన్మార్క్ గోల అనుకోకండి. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017 డిసెంబర్‌లో అసుర అనే యాక్షన్ గేమ్‌ని స్టీమ్‌లో రిలీజ్ చేసింది. పజిల్ ప్లాట్‌ఫార్మర్ కాదు, పైనుంచి చూస్తూ నరుక్కుంటూ పోయే ఆట, మన పురాణాల వాసన ఉన్న ఆట. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ హైదరాబాద్‌లోనే 2024 దాకా జరిగింది, అక్కడ డెమోలు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లలో మన బీటెక్ బ్యాచ్‌లు బోలెడు. వాళ్లకి విదేశీ ప్లేయర్లే దిక్కు అని అందరూ ముందే చెప్పేస్తారు, ఎందుకంటే మనవాళ్లు కొనరని పేరు. ఆ పేరు పోనంతవరకు వాళ్లు మన కథని మన భాషలో చెప్పే ధైర్యం చేయరు. తెలుగులో వాయిస్ రికార్డ్ చేయడానికి అయ్యే ఖర్చు ఎవరి దగ్గర వసూలవ్వాలి మరి?

ఒకప్పుడు మన దగ్గర నిజమైన కారణం ఉండేది. హాస్టళ్లలో లింబో పెన్‌డ్రైవ్‌ల మీద తిరిగిందంటే, డాలర్లలో కట్టడానికి క్రెడిట్ కార్డు ఎవరి దగ్గరుంది? ఇంట్లో డెబిట్ కార్డు ఉన్నా విదేశీ సైట్‌లో పనిచేసేది కాదు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర స్కాన్ చేసే అదే యూపీఐతో స్టీమ్‌లోనూ ప్లే స్టోర్‌లోనూ కట్టొచ్చు. టెలిగ్రామ్‌లో దొరికే మోడ్ ఏపీకే వేసుకునేవాళ్లు ఒకటి ఆలోచించండి: ఎవడు మార్చాడో తెలియని యాప్‌ని, బ్యాంకు ఓటీపీలు వచ్చే ఫోన్‌లోనే ఇన్‌స్టాల్ చేస్తున్నారు. ఒక పజిల్ గేమ్‌కి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఎందుకో అడగండి ముందు.

ఇక కొనాలనుకున్నవాళ్లకి. పీసీ ఉంటే పీసీలోనే తీసుకోండి. పాత ల్యాప్‌టాప్ అయినా చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఫోన్ ఒక్కటే ఉంటే 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ వెర్షన్ ఉంది, అప్పటి రేటు 4.99 డాలర్లు, ఇప్పుడు మీ స్టోర్‌లో ఎంత చూపిస్తుందో చూసుకోండి. యాడ్స్ లేవు, నెట్ అక్కర్లేదు. దొనకొండలో రైలెక్కి నంద్యాల వైపు పోతుంటే దిగువమెట్ట దాటాక నల్లమలలో సిగ్నల్ పోతుంది చూడండి, ఆ టైమ్‌లో చక్కగా నడిచే ఆట ఇది. బటన్లుండవు, వేలు జరిపితే నడుస్తాడు, పైకి లాగితే ఎగురుతాడు, పది నిమిషాల్లో అలవాటవుతుంది. స్పీకర్‌లో మాత్రం ఆడొద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. సగం పజిల్స్‌లో ప్రమాదం కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. మొదట్లోనే వచ్చే సాలీడు దగ్గర కంగారుపడి ముందుకు పరిగెత్తకండి, చెట్టుకి వేలాడుతున్న బోను సంగతి చూడండి.