డబ్బా మీది రంగు ఎవరి కోసం?

పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు మనమంతా చూసినవే. ఆ రంగు ఎలా నిర్ణయిస్తారో జంతుశాస్త్రం పీజీలో చేరాకే మాకు తెలిసింది. పరీక్షకు పెట్టిన ఎలుకల్లో సగం చనిపోయే మోతాదును ఎల్‌డి 50 అంటారు. 1927లో ట్రెవాన్ అనే శాస్త్రవేత్త ఈ లెక్క తెచ్చాడు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే ఆ మోతాదు ఉంటే మన దేశంలో ఎర్ర గుర్తు, పుర్రె బొమ్మ వేయాలి. 5000 దాటితే ఆకుపచ్చ.

ఇది క్రూరమైన పరీక్ష అనేవారున్నారు. నిజమే. తక్కువ జంతువులతో సరిపెట్టే పద్ధతులు వచ్చాక ఓఇసిడి సంస్థ 2002లో పాత పరీక్షను తొలగించింది. మేమూ హర్షిస్తాం. కానీ మా ప్రశ్న వేరు. ఆ మూగజీవాలు ప్రాణాలిచ్చి చెప్పిన మాట మనుషులకు చేరిందా?

2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. అన్నంలో కలిసింది మోనోక్రోటోఫాస్, ఎర్ర గుర్తు మందు. అది విషమని ప్రయోగశాలకు ఏనాడో తెలుసు. వంటగదికి తెలియలేదు.

పైగా ఆ పరీక్షలో ఎలుకకు ఒకే మందు, కొలిచి, ఒక్కసారి ఇస్తారు. మన కూలీ రెండు మూడు మందులు కలిపి, ఎండలో, సీజనంతా కొడతాడు. ఆకుపచ్చ గుర్తు ఉన్నా అతనికి భరోసా లేదు.

మన ఇళ్లలో డబ్బా మీది అక్షరం చదవగలిగేది చాలాసార్లు మనమే. సెలవులకు వెళ్లినప్పుడు ఆ రంగుల అర్థం అమ్మానాన్నలకు చెబుదాం. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోయనివ్వవద్దు. అమ్మే దుకాణదారు నోటితో చెప్పి అమ్మాలని అడుగుదాం. మన చదువు ముందుగా చేరాల్సింది ఆ పొలం గట్టుకే.