కణాదునికి లేనిపోని కిరీటం

పరమాణు నిర్మాణాన్ని కణాద మహర్షి ఏనాడో కనిపెట్టాడనీ, రూథర్‌ఫర్డు చెప్పింది దానికి నకలేననీ మా తిరుపతి సభల్లో ఎవరో ఒకరు సెలవిస్తూనే ఉంటారు. చప్పట్లూ మోగుతుంటాయి. అయ్యా, ఆ వైశేషికాన్ని ఒక్కసారైనా తెరచి చూశారా?

కణాదుని పరమాణువు నిరవయవం, నిత్యం. రెండు కలిస్తే ద్వ్యణుకం. మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం, అంటే కిటికీ ఎండలో ఆడే నలుసు. అవయవాలే లేనిదానికి నిర్మాణమెక్కడిది? ఈ చిక్కంతా పాఠ్యపుస్తకాలవారు 'ఆటమ్'కు ఆ పాత పేరే పెట్టడంవల్ల వచ్చింది. పేరు కలిసిందని బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడతామా?

1897లో థామ్సన్ ఎలక్ట్రానును పట్టి చూపాడు. 1909లో మాంచెస్టరులో గైగర్, ఇరవయ్యేళ్ళ మార్స్‌డెన్ చీకటిగదిలో కూర్చుని, తెరమీద మెరిసే చుక్కలను ఒక్కొక్కటిగా లెక్కించారు. ప్లాటినం పలకను తాకిన ఆల్ఫా కణాల్లో సుమారు 8000కు ఒకటి వెనక్కు తిరిగింది. ఆ ఒక్కదాన్ని పట్టుకొని 1911లో రూథర్‌ఫర్డు నడిమి కేంద్రకాన్ని ఊహించాడు. పొగను చూసి నిప్పును నిశ్చయించడమే ఇది! తర్కసంగ్రహకర్త అన్నంభట్టు ఉండి ఉంటే లేచి నమస్కరించేవాడు.

గొప్ప చెప్పుకోవాలంటే మనకు స్వామి జ్ఞానానంద లేడా? పశ్చిమ గోదావరిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, సన్యసించి, లివర్‌పూలులో న్యూట్రాను కనుగొన్న చాడ్విక్ దగ్గర బీటా కిరణాలపై పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పినవాడు. కాషాయం కట్టినవాడే ప్రయోగశాలకు వెళ్ళాడు. మన సభల్లో ఆయన పేరు ఎత్తగా నేను వినలేదు.