మూడో రోజున ఇప్పచెట్టు

సండే స్కూల్లో పసిపిల్లలకు ఇచ్చే సృష్టికథ కాగితాలు ఎక్కడ చూసినా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. పేజీని ఏడు గడులు చేసి, మొదటి గడిలో సగం చీకటి సగం వెలుతురు, మూడో గడిలో ఆపిల్ చెట్టు, ఐదో గడిలో నీళ్లు చిమ్మే తిమింగలం, ఆరో గడిలో జూలున్న సింహం, మెడ చాచిన జిరాఫీ వేస్తారు. గీతలన్నీ ముందే గీసి ఉంటాయి. గీత దాటకుండా రంగు నింపడమే పిల్లల పని. అదే కాగితాన్ని ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, జగదల్‌పూర్ పక్క పల్లెలోనో కొండగావ్ దగ్గరో, రెండున్నరేళ్ల పిల్ల ముందు పెడితే అందులో ఆ పిల్ల ఎరిగినవి సూర్యుడూ చంద్రుడూ మాత్రమే. ఈ లోకాన్ని దేవుడు చేశాడని చెబుతూనే ఆ పిల్ల లోకాన్ని కథలోంచి తీసేసినట్టయింది.

నిజానికి పసివాళ్లకు రంగులతో చెప్పడానికి ఇంతకంటే అనువైన కథ దొరకడం కష్టం. ఆదికాండం మొదటి అధ్యాయం వెలుగుతో మొదలై ఆకాశం, నేల, చెట్లు, సూర్యచంద్రులు, చేపలు, పక్షులు, జంతువుల మీదుగా మనిషి దాకా వస్తుంది. రోజుకో కొత్త రంగు చేరుతుంది. చేసినదాన్ని చూసి దేవుడు బాగుందనుకోవడం పాటలో పల్లవిలా మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకే మాటను పదిసార్లు చెప్పించుకునే వయసు పిల్లలకు ఆ పల్లవే సగం ఆనందం.

తెల్ల కాగితంతో మొదలుపెట్టడంలోనే పొరపాటు జరుగుతోంది. ఆ కథ చీకట్లో మొదలవుతుంది. పిల్ల చేతికి ముందు బొగ్గుముక్క ఇచ్చి కాగితమంతా నల్లగా పులమనివ్వాలి. తర్వాత సుద్దముక్క ఇవ్వాలి. నలుపు మీద తెల్లటి గీత పడినప్పుడు మొదటి రోజు ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. ఇందుకు బజారుకు వెళ్లాల్సిన పని కూడా లేదు. బస్తర్ పల్లెల్లో ఇంటి గోడలకు తెల్లమట్టి, ఎర్రమట్టి పూస్తారు. పొయ్యిలో బొగ్గుంటుంది, వంటింట్లో పసుపుంటుంది, పెరట్లో ఆకు నలిపితే పచ్చరంగు వస్తుంది.

ఇక గీత దాటకూడదన్న నియమం. ఆ వయసుకు అది కుదరని పని. రెండేళ్ల పిల్ల రంగుకడ్డీని పిడికిలితో పట్టుకుంటుంది, భుజంతో గీస్తుంది. మణికట్టు, వేళ్లు మాట వినడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. పసిపిల్లల గీతలను జీవితకాలం సేకరించిన అమెరికన్ పరిశోధకురాలు రోడా కెల్లాగ్ ఆ పిచ్చిగీతల్లోనే 20 మూలరూపాలను గుర్తించింది. ఆమె పుస్తకం 1969లో వచ్చింది. చుక్క, అడ్డగీత, సుడి, చివరికి మూడేళ్ల దగ్గర మూసుకున్న సున్నా. ఆ సున్నాయే పిల్ల నోట సూర్యుడవుతుంది, గుడ్డవుతుంది, అమ్మ ముఖమవుతుంది. తానొక సున్నా చుట్టి ఇది సూర్యుడని చెప్పిన పిల్లకు సృష్టి అంటే ఏమిటో కొంత తెలిసినట్టే. ఎవరో గీసిన సూర్యుడికి పసుపు పూసి పెట్టిన పిల్లకు తెలిసింది చెప్పినట్టు వినడం.

బస్తర్‌లో ఈ కథ వయసు నూరేళ్లు దాటింది. తెలుగు నేల మీద యల్లందు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ మెథడిస్టు చార్లెస్ బి. వార్డ్ 19వ శతాబ్ది చివర్లో అక్కడికి వెళ్లాడు. అంతకుముందే, 1860ల నుంచి, గోదావరి గట్టున దుమ్ముగూడెంలో మరో మిషన్ నడిచింది. నది పనుల మీద వచ్చిన ఇంజినీరు హేగ్ దాని తొలినాళ్ల మనిషి. ఆ తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని దాని గురించి రాశాడు. సువార్త భాగాలు కోయలో అచ్చయ్యాయి. ఆనాటి మిషనరీల మీద ఎన్ని విమర్శలైనా ఉండవచ్చు, అవతలివాళ్ల భాష నేర్వకుండా వాళ్లకు కథ చెప్పలేమన్న సంగతి మాత్రం వాళ్లకు తెలుసు. ఇప్పుడు హల్బీ, గోండీ, భత్రీ, దోర్లీ మాట్లాడే ఇళ్ల పిల్లల ముందు పెట్టే బొమ్మ మాత్రం ఏ భాషకూ చెందని బొమ్మ.

మూడో రోజు గడిలో ఇప్పచెట్టు ఉండాలి. వేసవి మొదట్లో తెల్లవారకముందే ఇప్పపూలు రాలతాయి. బుట్ట పట్టుకుని తల్లి ఏరుతుంటే చంకలోని పిల్లా వెళ్తుంది, నడిచే పిల్లా వెళ్తుంది. మనం ఇప్ప అనే దాన్ని గోండీలో ఇర్పు అంటారు. రెండు భాషలూ ఒకే తల్లి బిడ్డలని ఆ ఒక్క మాటే చెబుతుంది. దాని పక్కన తునికి, చింత, అక్కడివాళ్లు సల్ఫీ అనే జీలుగు. ఐదో రోజుకు ఇంద్రావతి చేప, కాంగేర్ లోయ అడవిలో మనుషుల గొంతును అనుకరించే కొండ గోరింక. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అదే. ఆరో రోజుకు రాష్ట్ర జంతువైన అడవి బర్రె, దానితోపాటు చాప్‌డా పచ్చడికి పట్టే ఎర్రచీమలు. చీమలేమిటని ఎవరైనా అడగొచ్చు. ఆరో రోజు జాబితాలో పశువులు, అడవి మృగాలతో పాటు నేల మీద పాకే పురుగులూ ఉన్నాయి. ఆదికాండంలో ఎక్కడా లేనిది ఆపిల్. ఊరి చెట్టును తెచ్చి పెడితే బైబిల్ కథ పలచబడుతుందని భయపడే సంఘపెద్దలు ఆ అధ్యాయాన్ని మళ్లీ ఒకసారి చదువుకోవాలి. విత్తనాలిచ్చే మొక్కలు, పండ్లిచ్చే చెట్లు అని తప్ప అక్కడ ఏ చెట్టు పేరూ లేదు.

ఆ పిల్ల ఇంట్లో మరో సృష్టికథ కూడా ఉంటుంది. 1927లో క్రైస్తవ సేవకుడిగా ఈ దేశానికి వచ్చి, తర్వాత చర్చి పని వదిలి ఆదివాసీల మధ్యే స్థిరపడిన వెరియర్ ఎల్విన్, మధ్య భారతపు పుట్టుక కథలను 1949లో ఒక పెద్ద పుస్తకంగా తెచ్చాడు. లోకమంతా నీళ్లే ఉన్నప్పుడు అడుగున దాక్కున్న వానపాము దగ్గరనుంచి పిడికెడు మట్టి తెచ్చిన కథ ఆ ప్రాంతంలో రకరకాలుగా వినిపిస్తుంది. ఒకచోట కాకి వెతుకుతుంది, ఇంకోచోట పీత వెళ్తుంది. ముడియా ఆదివాసీలకు 18 వాద్యాలు వాయించిన లింగో దేవుడు ఉన్నాడు. నాగ్, బాఘేల్, కశ్యప్ అనే ఇంటిపేర్లలోనే పాము, పులి, తాబేలు ఉన్నాయి. తాబేలు వంశంలో పుట్టిన పిల్ల ఆరో రోజు గడిలో తాబేలుకు రంగు వేస్తే, ఆ తాబేలు చుట్టం కూడా. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన భజ్జూ శ్యామ్ గోండుల సృష్టికథలకు బొమ్మలు వేస్తే చెన్నైలోని తారా బుక్స్ పుస్తకంగా తెచ్చింది. ఆ బొమ్మలు చూసినవారెవరూ ఆ కథలను చిన్నచూపు చూడలేరు.

నానమ్మ చెప్పేది అబద్ధం, ఇక్కడ చెప్పేదే నిజం అని మూడేళ్ల పిల్లకు చెప్పడం క్రూరత్వం. ఒకే వాకిట్లో తల్లి చర్చికి, అత్త గోండు దేవతల (పెన్) పూజకు వెళ్లే కుటుంబాల్లో ఆ మాట పిల్లను రెండు ముక్కలు చేస్తుంది. బస్తర్‌లో ఇప్పటికే చీలికలు చాలినన్ని ఉన్నాయి. 2023 జనవరి 2న నారాయణపూర్‌లో ఒక చర్చిని ధ్వంసం చేశారు. ఛింద్‌వాడా గ్రామంలో చనిపోయిన ఒక పాస్టర్ శవం 2025 జనవరిలో మూడు వారాల దాకా మార్చురీలోనే ఉండిపోయింది. సొంత ఊళ్లో పూడ్చాలా వద్దా అన్నదాని మీద సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులకు ఏకాభిప్రాయం కుదరలేదు. చివరికి ఊరికి దూరంగా కర్కపాల్‌లోని క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయాలని ఆదేశించారు. ఇంత పగ నిండిన గాలిలో పసిపిల్లల చేతికిచ్చే కాగితం విషయంలో పెద్దలు మరింత జాగ్రత్తగా ఉండాలి.

తమ కథను తమ పిల్లలకు చెప్పుకోవడం తల్లిదండ్రుల హక్కు. జోలపాట పాడుకోవడం ఎంత సహజమో అదీ అంతే. అయితే రంగుల డబ్బా ఆశ చూపి పక్కింటి పిల్లను పిలవడం తప్పు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. అంగన్‌వాడీ విషయంలోనూ అదే న్యాయం పాటించాలి, అది ఏ మతం కథకైనా. అక్కడ బొగ్గు, సుద్ద, ఎర్రమట్టి ఇచ్చి ఊరి చెట్టు వేయమంటే చాలు.

సండే స్కూల్ అక్కలు చేయగలిగింది ఇంకొకటి ఉంది. ఏడో గడిని ఖాళీగా వదిలేయడం. అది విశ్రాంతి రోజు, వేయాల్సిన బొమ్మ ఏదీ లేదు. రంగులు పక్కనపెట్టి, బోరింగు దగ్గర బొగ్గు చేతులు కడిగి పిల్లను ఇంటికి పంపాలి. ఆ మధ్యాహ్నం నానమ్మ ఒళ్లో పడుకున్న పిల్లకు ఆమె వానపాము కథ చెబితే చెప్పనివ్వాలి. ఆ పిల్ల గోళ్లలో ఎర్రమట్టి ఇంకా ఉంటుంది.