కొండ సైకిలుకు అరకు దారి చాలదా?



సైకిల్ యాత్రలపై గత సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ కొండ దారుల కోసం ఊటీకో మనాలికో వెళ్లక తప్పదన్న మాట ఒప్పుకోలేను. మనకు అరకు ఉంది. శృంగవరపుకోట దాటగానే అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ తోటలు కారులో పోయేవారికి పచ్చటి గోడలా కనిపిస్తాయి. సైకిలు తొక్కేవారికి తీగకు వేలాడే మిరియాల గుత్తులూ కనిపిస్తాయి.

గాలికొండ దాటితే అరకు వైపు దిగుడు. అసలు జాగ్రత్త అక్కడే కావాలి. రిమ్ బ్రేకులు అదేపనిగా నొక్కి పట్టుకుంటే రిమ్ము కాగి ట్యూబు పేలిపోవచ్చు. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. వ్యాసంలో ఈ సంగతి లేకపోవడం పెద్ద లోటు.

రోడ్డు దిగితే గిరిజన గూడేలకు పోయే మట్టి బాటలు ఎన్నో. అవి మనకు సరదా కావచ్చు, వాళ్లకు మాత్రం నెత్తిన బరువుతో సంతకు నడిచే దారులు. ఊరివాళ్లను అడగకుండా వాటిని సైకిల్ ట్రాకులుగా ప్రచారం చేయవద్దని పర్యాటక శాఖకూ, మీ వ్యాసకర్తలకూ నా మనవి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం