అంతస్తులు అక్కడ.. హామీ మనది!

అమరావతిలో సచివాలయానికి, శాఖాధిపతుల కార్యాలయాలకు ఐదు ఆకాశహర్మ్యాలట. భూములమ్మి అప్పు తీరుస్తాం, ప్రజలపై పైసా భారం పడదంటున్నారు పాలకులు. నమ్ముదామా?

2018లో సీఆర్‌డీఏ బాండ్లతో 2,000 కోట్లు తెచ్చింది. వడ్డీ 10.32 శాతం. హామీ రాష్ట్ర ప్రభుత్వానిది. 2019లో పనులు ఆగాయి, వడ్డీ ఆగలేదు. 2025లో హడ్కోతో మరో 11,000 కోట్ల అప్పుకు ఒప్పందం!

భూమి అమ్ముడైతే లాభం ఆ నగరానిది. కాకపోతే బాకీ ఖజానాది. ఆ ఖజానాలో మా పిఠాపురం రైతు డీజిలుపై కట్టిన పన్నూ ఉంది.

రాజధానికి మేం అడ్డం కాదు. కానీ అన్నీ హైదరాబాదులోనే పోగేసి 2014లో చేతులు కాల్చుకున్నాం. మళ్లీ ఒక్కచోటేనా? ఏ భూమి ఎప్పుడు, ఎంతకమ్మి ఏ అప్పు తీరుస్తారు? పై అంతస్తు పోయకముందే ఆ లెక్క జనం ముందు పెట్టండి!