మందు ఉచితం సరే, రోజుల మాటేమిటి?

మిరప కోతల కాలంలో ఒక్క రోజు పని పోతే కూలి ఇంట్లో ఏమవుతుందో ఈ శీర్షిక చదివేవారికి వేరే చెప్పనక్కర లేదు. అలాంటి రోజులు నెలలో సగం పోతే? పైగా రోగికి మిగిలి ఉన్న రోజులే కొద్ది అయితే?

కేన్సర్ బాగా ముదిరాక ఆస్పత్రి గడప తొక్కే కూలి కుటుంబాల గురించే మేము చెబుతున్నాం. రోగం తొలి దశలో దొరికితే వారాల తరబడి తిరిగినా ఫలితం ఉంటుంది, ప్రాణం దక్కుతుంది. ముదిరిన రోగానికి చేసే వైద్యం చాలామందికి బాధ తగ్గిస్తుంది, కొన్ని నెలల ఆయుష్షు కలుపుతుంది. ఆ నెలల్లో ఇంటి దగ్గర గడిచినవి ఎన్ని? బస్సుల్లో, ఆస్పత్రి వరండాల్లో గడిచినవి ఎన్ని? ఈ లెక్క అడిగేవారు లేరు.

మనమే వేద్దాం. సోమవారం పట్నం పోయి రక్తపరీక్ష. రిపోర్టు వచ్చేసరికి చీకటి పడుతుంది, ఊరికి బస్సు ఉండదు. రాత్రికి వరండాలోనే పడక. మంగళవారం డాక్టరుగారు చూసి, "రక్తకణాలు తగ్గాయి, వచ్చే వారం రండి" అంటారు. మందు ఎక్కకుండానే రోగికి రెండు రోజులు, తోడు వచ్చిన మనిషికి రెండు రోజులు పోయాయి. స్కానింగుకు ఇంకో రోజు.

2022లో అమెరికా, కెనడాల్లోని కొందరు కేన్సర్ వైద్యులు ఈ సంగతే రాశారు. గంటసేపు ఆస్పత్రికి పోయినా ఆ రోజు మొత్తం పోయినట్టే లెక్కించాలన్నారు. మందుకు విషగుణం ఉన్నట్టే ఈ తిరుగుడుకూ ఉందన్నారు. మన కూలీలకు ఇది ఎప్పుడో తెలుసు. తెల్లారకముందే ముఠా ఆటో ఎక్కి పోతుంది. పది గంటలకు తిరిగొచ్చినవాళ్ళకు పని ఇచ్చేదెవరు?

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఆపరేషను, కీమో ఖర్చు భరించింది. మంచిదే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అదీ మంచిదే. టికెట్టు మాఫీ అయింది గాని పోయిన కూలి మాత్రం పోయినట్టే. 1948 చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ.లో, షరతులకు లోబడి, కేన్సర్ వచ్చిన ఫ్యాక్టరీ కార్మికుడికి జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. పొలంలో పనిచేసేవాడు కార్మికుడు కాడా?

"రోజులు లెక్కపెడితే, బీదలకు వైద్యం ఎగ్గొట్టడానికి సర్కారుకు సాకు దొరుకుతుంది కదా" అని కొందరు మిత్రులు అన్నారు. ఆ భయం నిజమే. వైద్యం మానుకోమని మేము అనడం లేదు. ఈ మందు ఎన్ని నెలలు కలుపుతుంది, అందుకు ఎన్నిసార్లు రావాలి అన్నది రోగికి విప్పి చెప్పాలి. ఆ తర్వాత వైద్యం సాగించాలా, ఇంటికి పోవాలా అన్నది రోగే తేల్చుకోవాలి. చెప్పకుండా తిప్పడమే అన్యాయం.

తిప్పకుండా చేసే దారులు ఉన్నాయి. ఎముకలకు పాకిన కేన్సర్ నొప్పికి పది రోజులు కరెంటు పెట్టినా, ఒక్కసారి పెట్టినా నొప్పి తగ్గడం ఇంచుమించు ఒకటేనని పరిశోధనల్లో తేలింది. ఒక్కసారి పెట్టినవారిలో కొందరికి మళ్ళీ అవసరం పడవచ్చు, అంతే. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇంట్లోనే వేసుకోవచ్చు. అవి రోగులకు సులువుగా అందేందుకు 2014లో మాదకద్రవ్యాల చట్టాన్నీ సవరించారు. కేరళ 2008లోనే ఉపశమన వైద్యానికి ఒక విధానం ప్రకటించింది. అక్కడ పంచాయతీల ఆధ్వర్యంలో నర్సులు రోగి ఇంటికే పోయి పుండ్లు కడుగుతారు, మందులిస్తారు.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. రక్తపరీక్షలు మండలంలోనే జరగాలి. మార్ఫిన్ దగ్గరి సర్కారు ఆస్పత్రిలో దొరకాలి. నడవలేని రోగి ఇంటికి నర్సు రావాలి. ఆస్పత్రిలో పోయిన ప్రతి రోజుకూ రోగికీ, తోడు పోయినవారికీ కూలి కట్టివ్వాలి.

ఇవి సాధించేదాకా ఊరి సంఘం చేయగలిగిన పని ఒకటుంది. రోగి వెంట చదువు వచ్చిన కార్యకర్త ఒకరు పోవాలి. "ఇంకెన్నిసార్లు రావాలి సార్? అందులో దగ్గరి ఆస్పత్రిలో అయ్యేవి ఎన్ని?" అని అడిగి, జవాబు కాగితం మీద రాసుకుని రావాలి. కొద్ది రోజులే మిగిలిన మనిషికి ఇంటి అరుగు మీద, తనవాళ్ళ మధ్య గడిపే హక్కుంది. అదీ మన పోరాటంలో భాగమే.